ఇంటి నుంచి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

2021 జనవరి 18

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సంక్రాంతికైనా అందరం ఒకచోట చేరతామనుకున్నాను. మీ పెదనాన్నకు షుగరు ఉండడంతో నేనే ప్రయాణం వద్దన్నాను. మొన్న శనివారం నుంచి ఆసుపత్రి సిబ్బందికి టీకాలు మొదలయ్యాయి కాబట్టి మన వంతు కూడా త్వరలో వస్తుందని ఆశపడుతున్నాను.

పండగ రోజు ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. థీసిస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే, "యూనివర్సిటీ నుంచి ఏ కబురూ లేదు పెద్దమ్మా, చూస్తున్నాను" అన్నావు. ఆ "చూస్తున్నాను" నన్ను భయపెట్టింది. ముప్పై రెండేళ్లు విశ్వవిద్యాలయ పరిశోధన విభాగంలో పనిచేసి పోయిన అక్టోబరులోనే పదవీ విరమణ చేశాను. కరోనా వచ్చిన మొదటి ఏడెనిమిది నెలలు ఆ కుర్చీలోనే ఉన్నాను. అలా చూస్తూ కూర్చున్న పిల్లలకు ఏం జరిగిందో నాకు తెలుసు.

మామూలు రోజుల్లో మా సెక్షన్ కిటికీ దగ్గర ఎప్పుడూ నలుగురు విద్యార్థులు నిలబడి ఉండేవారు. ఆ ముఖం కనబడగానే "ఈ అబ్బాయి సినాప్సిస్ డీన్ గారి దగ్గర ఉంది కదా" అని గుర్తొచ్చి అటెండరును పంపేవాళ్లం. మా ఆఫీసులో సగం ఫైళ్లు అలా మనుషుల ముఖాలు చూసి కదిలినవే. లాక్‌డౌన్‌లో ఆ కిటికీ మూశాం. సిబ్బంది వంతులవారీగా వచ్చేవారు. నిన్న ఒకరు మొదలుపెట్టిన పని ఇవాళ వచ్చినవారికి తెలిసేది కాదు. అప్పుడు కాగితం ఉన్నవాళ్ల పనే జరిగింది. నోటితో అడిగినవాళ్ల పని ఆగిపోయింది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. నా వల్ల జరిగిన తప్పు ఇది, ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. 2020 జూన్‌లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. జూలైలో రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది, పొడిగింపు కావాలి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అదే యూజీసీ, ఏప్రిల్ 29న ఇచ్చిన మార్గదర్శకాలు నా బల్ల మీదే ఉన్నాయి. పీహెచ్‌డీ వాళ్లకు ఆరు నెలల పొడిగింపు, థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షను, అదే వైవాను, వీడియో ద్వారా జరపవచ్చన్న వెసులుబాటు అందులో ఉన్నాయి. "అందరికీ ఇస్తున్నారమ్మా, నీకూ వస్తుంది, బెంగపెట్టుకోకు" అన్నాను. మనసారా అన్నాను. దరఖాస్తు పంపమని మాత్రం చెప్పలేదు. తర్వాతి వారమే నాకు జ్వరం వచ్చింది, పదిహేడు రోజులు ఇంట్లో గదిలో ఉండిపోయాను. నేను తిరిగి వెళ్లేసరికి పొడిగింపుల జాబితా ఆమోదమై వెళ్లిపోయింది. అందులో ఆ అమ్మాయి పేరు లేదు. అడిగినట్టు ఆధారం ఎక్కడా లేదు, నా నోటి మాట తప్ప. మళ్లీ సూపర్‌వైజర్ లేఖ, విభాగాధిపతి సిఫారసు, ఆలస్యానికి సంజాయిషీ, జరిమానా, అన్నీ అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆ పిల్ల నిద్రపోయి ఉండదు.

అందుకే చెబుతున్నాను. నువ్వు ఎవరితో ఫోన్‌లో మాట్లాడినా, ఎంత మంచివాళ్లతో మాట్లాడినా, ఫోన్ పెట్టేసిన గంటలోపు ఒక ఈమెయిలు పంపు. "ఈ ఉదయం తమతో ఫోన్‌లో మాట్లాడినట్లుగా" అని మొదలుపెట్టి, ఏం అడిగావో, వాళ్లు ఏం చెప్పారో నాలుగు వాక్యాల్లో రాయి. మీ సూపర్‌వైజర్ మేడమ్‌కు, విభాగం ఆఫీసుకు నకలు పెట్టు. ఇందులో ఎవరినీ అవమానించినట్టు కాదు. రేపు ఆ కుర్చీలో కూర్చునే కొత్త మనిషికి నువ్వు సాయం చేస్తున్నట్టు.

ఈమెయిలు ఎలా రాయాలో కూడా చెప్పాలి. మే నెలలో మా సెక్షన్ మెయిలు తెరిస్తే గుండె ఆగినంత పనయ్యేది. సగం ఉత్తరాలకు విషయం గడిలో "అర్జెంట్" అనో "రిక్వెస్ట్" అనో మాత్రమే ఉండేది. లోపల పేరు ఉండదు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు. జతచేసిన కాగితాలు ఫోన్‌తో తీసిన ఫొటోలు, వాటి పేర్లు ఫోన్ పెట్టిన అంకెలే. ఒక ఫొటోలో దరఖాస్తు మీద తీసినవాళ్ల తల నీడ పడి సరిగ్గా సూపర్‌వైజర్ సంతకమే కనబడలేదు. అది ఎవరిదో తెలియక మూడు రోజులు పక్కన పెట్టాం. నువ్వు విషయం గడిలోనే నీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, విభాగం, కావలసిన పని రాయి. ఒక ఉత్తరంలో ఒక్క పనే అడుగు. రెండు పనులు అడిగితే సులువైనది చేసి రెండోది మరిచిపోతారు. ఇది మా వాళ్ల మీద నింద కాదు, అందరి చేతులూ అలాగే పనిచేస్తాయి. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి, దానికి నీ రిజిస్ట్రేషన్ నంబరే పేరుగా పెట్టు. ఏ తేదీలోగా జవాబు కావాలో, ఎందుకు కావాలో మర్యాదగా రాయి. వారం చూసి అదే ఉత్తరం కిందే మళ్లీ రాయి. కొత్త ఉత్తరం మొదలుపెట్టకు, పాత తేదీ కనబడుతూ ఉండాలి. పది రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంటు కార్డు దాచుకో. టపాలో వచ్చిన కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితాన్ని పారేయడం ఎవరి తరమూ కాదు. సమాచార హక్కు చట్టం కూడా ఉంది, పది రూపాయల రుసుము, ముప్పై రోజుల్లో జవాబు. కానీ దాన్ని చివరకు ఉంచు. రేపు అదే ఆఫీసుతో నీకు పని ఉంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. నీ తోటివాళ్లు చాలామంది పొరపడుతున్నది ఇక్కడే. డిసెంబరులో యూజీసీ ఇంకో నోటీసు ఇచ్చింది. థీసిస్ సమర్పణకు 2021 జూన్ 30 వరకు గడువు పెంచవచ్చని అందులో ఉంది. అది చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అదే నోటీసులో ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకు మించదని కూడా ఉంది. ఆ వాక్యం దాకా చదివినవాళ్లు తక్కువ. నువ్వు 2016 ఆగస్టులో చేరావు. నెలకు వచ్చే 35,000 రూపాయలు ఈ ఆగస్టుతో ఆగిపోతాయి. రిజిస్ట్రేషన్ మాత్రం ఆరేళ్ల లెక్కన 2022 ఆగస్టు దాకా ఉంటుంది. పైగా 2016 నిబంధనల ప్రకారం ఆడపిల్లలకు గరిష్ఠ కాలంలో రెండేళ్ల సడలింపు ఉంది. అంటే నీకు కాలం ఉంది, డబ్బు లేదు. నీ ప్రణాళిక ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను చూసి వేసుకోవాలి. పొడిగింపు వస్తుందిలే అని కూర్చుంటే సెప్టెంబరు నుంచి మీ నాన్న ముందు చెయ్యి చాచాలి.

ఈ ఏడు నెలల్లో నీకు రావలసిన ప్రతి రూపాయీ తెచ్చుకో. ఫెలోషిప్ దానంతట అది పడదు. విశ్వవిద్యాలయంలో ఒకరు నెలనెలా పోర్టల్‌లో నీ పేరు నమోదు చేయాలి, మరొకరు సరిచూసి ఆమోదించాలి. మేకర్, చెకర్ అంటారు వాళ్లను. ఆ తర్వాతే కెనరా బ్యాంకు ద్వారా నీ ఖాతాలో పడుతుంది. ఇద్దరిలో ఒకరు క్వారంటైన్‌కు వెళితే చాలు, మీ అందరి డబ్బూ ఆగిపోతుంది. ఢిల్లీలో ఆగిందని వాట్సాప్‌లో బాధపడే ముందు, మీ విశ్వవిద్యాలయం ఈ నెల నమోదు పంపిందా లేదా అని ఒక ఉత్తరం రాసి అడుగు. చాలాసార్లు ముడి అక్కడే ఉంటుంది. పరిశోధన ఖర్చుల కోసం కంటింజెన్సీ కింద ఏడాదికి 20,500 రూపాయలు ఉన్నాయి కదా, పోయిన ఏడాది బిల్లులు పెట్టావా? ఫీల్డ్‌వర్క్ లేదు కాబట్టి ఖర్చు లేదనుకున్నావేమో. కొన్న పుస్తకాలు, తీయించిన జిరాక్సులు, అన్నిటి రసీదులూ వెతుకు. హాస్టల్ ఖాళీ చేయించిన నోటీసు, నువ్వు ఖాళీ చేసిన తేదీ ఉన్న కాగితం జాగ్రత్తగా ఉంచు. బయట గది అద్దెకు తీసుకోవలసి వస్తే ఇంటి అద్దె భత్యం అడగడానికి అవే ఆధారం.

ఇక నీ నాలుగో అధ్యాయం. చీరాల చేనేత సంఘాల్లో ఇళ్లకు వెళ్లి మాట్లాడాలనుకున్నావు. పోయిన మార్చి నుంచి వెళ్లలేకపోయావు. ఫోన్‌లో పన్నెండు మందితో మాట్లాడానన్నావు, మంచి పని. కానీ ఆ మార్పు ఎక్కడ రాసి ఉంది? నీ నోటుపుస్తకంలో ఉంటే సరిపోదు. నీ పరిశోధన సలహా సంఘం, అదే ఆర్‌ఏసీ, ఆరు నెలలకోసారి కూర్చోవాలని నిబంధన. మీది కూర్చుని ఏడాది కావస్తోంది. మేడమ్‌ను అడిగి ఆన్‌లైన్‌లోనైనా పెట్టించు. ఫీల్డ్‌వర్క్ పద్ధతి మారిందని, కారణం ఇదని, ఎంతమందితో ఎలా మాట్లాడావో చెప్పి సమావేశ వివరాల్లో, అదే మినిట్స్‌లో, రాయించు, అందరి సంతకాలూ తీసుకో. రేపు థీసిస్ పరీక్షకులు "ఇళ్లకు ఎందుకు వెళ్లలేదు" అని అడిగితే ఆ ఒక్క పేజీ నీ తరఫున మాట్లాడుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పే పనుల్లో అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే. మేడమ్‌కూ ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఆన్‌లైన్ క్లాసులున్నాయి. ఆమె చేయాల్సిన పనిని వీలైనంత తగ్గించి తీసుకెళ్లు. మూడు తేదీలు నువ్వే రాసి ఇవ్వు, అజెండా నువ్వే తయారు చెయ్యి.

లైబ్రరీ విషయంలో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఇంటి నుంచి పత్రికలు చదవడానికి విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ సౌకర్యం ఉంది. లాగిన్ మీ లైబ్రరీయే ఇవ్వాలి. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే శోధ్‌గంగలో చదవడానికి లాగిన్ అక్కర్లేదు. మా లైబ్రేరియన్లు ఆ రోజుల్లో అడిగిన పిల్లలకు అధ్యాయాలు స్కాన్ చేసి పంపారు, అడిగినవాళ్లే తక్కువ. థీసిస్‌లో ఇతరుల రాతలు ఎంత కలిశాయో చూసే నకలు తనిఖీ నివేదిక కూడా లైబ్రరీ నుంచే రావాలి. ఆ పోలిక పది శాతం దాటితే చిక్కే. చివరి వారం దాకా ఆగక, అధ్యాయం పూర్తవుతున్నకొద్దీ మేడమ్ ద్వారా పంపించి చూసుకో.

క్యాంపస్‌కు వెళ్లాలనుకుంటే నవంబరు 5న యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాలు నీకు పనికొస్తాయి. ముందుగా రానివ్వవలసినవాళ్లలో పరిశోధక విద్యార్థులను చేర్చారు. హాస్టల్ గదిలో ఇద్దరిని పెట్టకూడదని కూడా ఉంది. ఏ పని ఇంటి నుంచి చేయలేవో స్పష్టంగా రాసి అడుగు. "ఇంట్లో చదువు సాగడం లేదు" అని రాస్తే పక్కన పెడతారు. "ఫలానా రికార్డులు లైబ్రరీలోనే చూడాలి, మూడు వారాలు పడుతుంది" అని రాస్తే ఆలోచిస్తారు.

ఇంట్లో చదువు ఎందుకు సాగడం లేదో నాకు తెలుసు తల్లీ. ఆ రోజు ఫోన్‌లో మనం మాట్లాడిన ఇరవై నిమిషాల్లో నిన్ను మూడుసార్లు పిలిచారు. ఒకసారి పాలు పొంగుతున్నాయని, ఒకసారి తమ్ముడి క్లాసుకు నెట్ రావడం లేదని, మూడోసారి ఎందుకో నాకు వినిపించలేదు. ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఖాళీగా ఉన్నట్టే లెక్క వేస్తారు. మీ అమ్మ నా చెల్లెలే, దాని మనసు నాకు తెలుసు, కావాలని చేయదు. నేను మాట్లాడతాను. ఉదయం ఆరు నుంచి పది దాకా నిన్ను ఎవరూ పిలవకూడదని చెబుతాను. ఆ నాలుగు గంటలు నీవి.

రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టడం లేదని నువ్వు నవ్వుతూ చెప్పినా నేను నవ్వుతూ వినలేదు. మీ విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్ ఉంటారు, ఫోన్‌లోనే మాట్లాడతారు. పోయిన జూలైలో కేంద్ర విద్యాశాఖ మొదలుపెట్టిన మనోదర్పణ్‌లోనూ ఉచితంగా మాట్లాడవచ్చు. జ్వరం వస్తే హెల్త్ సెంటర్‌కు వెళ్తాం కదా, ఇదీ అంతే. దీనికి మాత్రం దరఖాస్తు, సంతకం ఏమీ వద్దు. ఈ వారమే ఒకసారి మాట్లాడు.

అరిసెల డబ్బాతో పాటు ఒక పొడుగాటి గీతల రిజిస్టరు పంపుతున్నాను. మా ఆఫీసు టపా రిజిస్టరు లాగే గడులు గీశాను. తేదీ, ఎవరికి, ఏం అడిగావు, జవాబు, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఆర్‌ఏసీ పెట్టమని మేడమ్‌కు రాసే ఉత్తరం అందులో మొదటిది కావాలి. దాని ముసాయిదా శుక్రవారంలోగా నాకు పంపు, ఆ రాత్రికే దిద్ది పంపిస్తాను.

మీ అమ్మానాన్నలకు మా ఇద్దరి ఆశీస్సులు.

ప్రేమతో,
పెద్దమ్మ