ముందు చిల్లు, తర్వాత వంపు

తమ్ముడికి,

క్రాష్ బ్యారియర్ల (బండి రోడ్డు దాటిపోకుండా అంచున పెట్టే ఉక్కు అడ్డుకట్టల) తయారీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "రహదారి పక్కన నిలబడ్డ మౌన రక్షకుడు" అని మొదలుపెట్టి పేజీన్నర అదే పాట పాడావు. తీరా తయారీ దగ్గరికి వచ్చేసరికి "ఆధునిక యంత్రాలతో అనేక దశల్లో రూపొందుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ అనేక దశలే కదయ్యా నీ వ్యాసం!

నిన్ను మందలించే అర్హత నాకూ అంతంతమాత్రమే. నీ వయసులో ఇదే విషయం మీద రాస్తూ, ఎర్రగా కాల్చిన ఉక్కుని మడతలు పెడతారని, చుట్టూ నిప్పురవ్వలు ఎగురుతాయని కళ్లకు కట్టినట్టు వర్ణించాను. అది చదివిన ఒక సూపర్‌వైజర్ "మా పట్టీ చల్లగానే వంగుతుంది సార్, మీ కొలిమి ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఏ వస్తువు గురించి రాయాలన్నా ముందు ఒకటే చూస్తాను: ఏ పని తర్వాత ఏ పని, ఆ వరస ఎందుకు?

ఈ బ్యారియర్‌నే తీసుకో. ఉక్కు మిల్లు నుంచి రేకు పెద్ద చుట్టగా వస్తుంది. దాన్ని కాయిల్ అంటారు. మందం సుమారు 3 మి.మీ. కావలసిన వెడల్పుకి చీల్చాక ఆ పట్టీ దాదాపు 480 మి.మీ. ఉంటుంది. డబ్ల్యూ ఆకారపు దూలంగా బయటికొచ్చేసరికి వెడల్పు 310 మి.మీ.కి కాస్త అటూ ఇటూ. మరి మిగతా 170 ఏమైంది? మడతల లోతులోకి వెళ్లింది. ఆ లోతు 80 మి.మీ. పైచిలుకే, కానీ బలమంతా దాంట్లోనే ఉంది. కాగితాన్ని ఒక అంచు పట్టుకుని నిలబెడితే వాలిపోతుంది, విసనకర్రలా మడిచి పట్టుకుంటే నిలబడుతుంది. నీ పాఠకుడికి ఈ ఒక్క పోలిక చాలు.

ఇప్పుడు వరస. చుట్ట విప్పి, లెవెలర్‌లో వంకర తీసి, చాలా లైన్లలో ముందుగా చిల్లులు కొడతారు. వంచాక కొట్టొచ్చు కదా అని నువ్వు అడగాలి. చదునైన పట్టీ డై (చిల్లు కొట్టే అచ్చు) మీద కదలకుండా కూర్చుంటుంది, అంచు నుంచి కొలత తప్పదు. వంపులు తిరిగిన దూలాన్ని అలా పట్టుకుని ఆపడం కష్టం. చిల్లు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే రోడ్డు మీద బిగించేవాడికి నరకం. అందుకే ఆ చిల్లుల్ని గుండ్రంగా కాకుండా దూలం పొడవు వైపు సాగిన గాడుల్లా చేస్తారు, బిగించేటప్పుడు కాస్త సర్దుకోవడానికి. రెండు దూలాలు కలిసే చోట సాధారణంగా ఎనిమిది బోల్టులు పడతాయి. బండ్లు వచ్చే వైపు దూలం పైన, తర్వాతి దూలం దాని కింద ఉండేలా అతికిస్తారు. తిరగేసి పెడితే రాసుకుంటూ వచ్చే బండి ఆ కొసకి తగులుకుంటుంది.

తర్వాత రోల్ ఫార్మింగ్, అంటే పట్టీని రోలర్ల మధ్య నుంచి పంపి వంచడం. నీ వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువ చోటు దీనికివ్వు. జంట రోలర్లు వరసగా పదికి పైగా ఉంటాయి. ఒక్కో జత కొద్ది డిగ్రీలే వంచుతుంది. ఒకేసారి మడిస్తే అంచులు మధ్యభాగం కన్నా ఎక్కువ సాగి అలలు తేలతాయి, లేదా దూలం మొత్తం మెలి తిరుగుతుంది. పైగా ఉక్కుకి మొండితనం ఉంది. వంచి వదిలితే కొంచెం వెనక్కి విచ్చుకుంటుంది. అందుకని కావలసినదాని కన్నా ఒక పిసరు ఎక్కువ వంచుతారు. ఎంత ఎక్కువ అన్నది ఆ కాయిల్ గట్టిదనాన్ని బట్టి ఉంటుంది. కాయిల్ మారితే రోలర్లు మళ్లీ సరిచూసుకోవాలి. ఆ టెన్షన్ ఆపరేటర్ ముఖంలో కనిపిస్తుంది. నీకు మనిషి కావాలంటే అక్కడున్నాడు, "రక్షకుడి" కోసం వెతకక్కర్లేదు.

చిల్లులు, కోత, వంపు అన్నీ అయ్యాకే జింక్ పూత. (తుత్తునాగం అని రాశావు. బాగుంది కానీ, ఆ షెడ్‌లో ఎవరూ అలా అనరు.) పూత ముందే వేస్తే, చిల్లు కొట్టిన ప్రతి అంచులో ఉక్కు బయటపడుతుంది. నూనె జిడ్డు వదిలించి, యాసిడ్‌లో తుప్పు, పొలుసు తీసి, కడిగి, ఫ్లక్స్‌లో (జింక్ సరిగ్గా అంటుకునేలా చేసే ద్రావణంలో) ముంచి, అప్పుడు 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింక్‌లో దించుతారు. దాన్ని రంగు వేయడంతో పోల్చావు, అది తప్పు. అక్కడ జింక్, ఇనుము కలిసి మిశ్రలోహపు పొరలు పుడతాయి, వాటి మీద జింక్ పొర నిలుస్తుంది. ఉక్కులో సిలికాన్ శాతం తేడాగా ఉంటే పూత మందంగా, మసకగా, పెళుసుగా తేలుతుంది. ఐఎస్‌ఓ 1461 ప్రమాణం ప్రకారం 3 మి.మీ. దాటి 6 మి.మీ. దాకా మందమున్న ఉక్కుకి పూత సగటున కనీసం 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. కొత్త దూలాల్ని తడి మీదే ఒకదానిలో ఒకటి ఇరికించి పేరిస్తే తెల్లటి పొడి పడుతుంది. తెల్ల తుప్పు అంటారు. అది చూసి నాసిరకం సరుకని రాసేయకు, నేనొకసారి రాయబోయి ఆగాను.

ఇక నీ వ్యాసంలో అసలు పొరపాటు. "ఎంత గట్టి ఉక్కు అయితే అంత మంచిది" అన్నావు. కొండలా కదలకుండా నిలబడితే లోపల కూర్చున్నవాడి గతేంటి? దూలం వంగాలి, సాగాలి, చిరగకూడదు. బండి గుద్దినప్పుడు అది బిగించి లాగిన రిబ్బన్‌లా పనిచేస్తుంది. స్తంభాలు వాలిపోతూ దెబ్బని కొంత తీసుకుంటాయి, బండి మెల్లగా రోడ్డు వైపు మళ్లుతుంది. అందుకే రెండు కొసలకీ గట్టి పట్టు ఉండాలి, లేకపోతే లాగడానికి ఆధారమే ఉండదు. స్తంభానికీ దూలానికీ మధ్య ఎడం ఉంచే ముక్కని స్పేసర్ అంటారు, బండి చక్రం వెళ్లి స్తంభానికి తగులుకోకుండా అది చూస్తుంది. ఇదంతా తెలిస్తే, ల్యాబ్‌లో ఉక్కు ముక్కని తెగేదాకా లాగి అది ఎంత సాగిందో ఎందుకు కొలుస్తారో నీకే అర్థమవుతుంది. అక్కడ బలంతో పాటు సాగే గుణానికీ మార్కులున్నాయి.

ఈసారి పంచింగ్ మెషిన్ దగ్గర మొదలుపెట్టి రాసి చూడు. పేజీలు తగ్గినా పర్వాలేదు. ఆ మౌన రక్షకుణ్ణి మాత్రం వేరే వ్యాసంలోకి కూడా తీసుకెళ్లకు.

ఇట్లు,
మీ అన్నయ్య