ఆ ఇరవై రెండు రైడ్ల లిస్టు పక్కన పెట్టు నాయనా

ఒరే నాయనా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. ఇరవై రెండు రైడ్లు, ఒక్కోదాని పక్కన టైము, మధ్యలో పరేడ్. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని రాసుంటావు, నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. ఆ లిస్టు పట్టుకుని డిస్నీల్యాండ్‌కి వస్తే మధ్యాహ్నం రెండింటికల్లా మీ నాన్న, అదే మా అన్నయ్య, ఏదో ఒక బెంచీ మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంటాడు, చిట్టి నీ భుజం మీద గుక్కపట్టి ఏడుస్తుంటుంది, నువ్వూ కోడలూ మాటల్లేకుండా ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. నేను ఇక్కడ కాలిఫోర్నియాకొచ్చి ఇరవై నాలుగేళ్లయింది, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలందర్నీ డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్ తిప్పి తీసుకొచ్చింది నేనే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు లెక్క చూద్దాం. పార్కు ఎనిమిదికి తెరుస్తారనుకో, నాలుక్కి బయటపడాలి అన్నావు. అంటే ఎనిమిది గంటలు. అందులో భోజనానికి గంట, బాత్రూములకీ మంచినీళ్లకీ స్ట్రోలర్ మడవడానికీ విప్పడానికీ ఇంకో గంట పోతుంది. మిగిలేది ఆరు గంటలు. శనివారం పూట ఒక మోస్తరు రైడ్‌కి లైనులో నలభై నిమిషాలు, ఎక్కి దిగడానికి అయిదు నిమిషాలు, తర్వాతదాని దగ్గరికి నడవడానికి పది నిమిషాలు వేసుకో. ఆరో ఏడో వస్తాయి. పొద్దున్నే లైన్లు లేనప్పుడు వెళ్తే ఇంకో రెండు కలుస్తాయి. అంతకంటే ఎవరికీ రావు.

ఈ లెక్క నాకూ మొదట్లో తెలీదు. 2004లో మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు తీరిగ్గా టిఫిన్లు చేసి పదకొండింటికి గేటు దగ్గరికి చేరాం. నడక ఎక్కువుంటుందని ముందురోజే ఆవిడకి కొత్త స్పోర్ట్స్ షూ కొని, చీర కింద అవే వేయించాను. రోజంతా ఎండలో లైన్లలో నిలబెట్టాను, ఆవిడ ఒక్క మాట అనలేదు, అడిగినప్పుడల్లా బాగానే ఉన్నానమ్మా అంది. ఇంటికొచ్చి సాక్సు విప్పితే మడమ దగ్గర తోలు లేచి సాక్సుకి అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టించి నానబెట్టి మెల్లగా లాగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దవాళ్లు చెప్పరురా. మనం పెట్టిన ఖర్చు చూసి, పిల్లల సంబరం చూసి, లోపల లోపలే ఓర్చుకుంటారు. కాబట్టి అన్నయ్యనీ వదిననీ అలసిపోయారా అని అడగొద్దు, గంటకోసారి నువ్వే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టు. వదినకి షూ కొంటే ఇవాళే కొను, అవి వేసుకుని మీ వీధిలో రోజూ అరగంట నడవమను.

ఇప్పుడు అసలు సంగతి. లిస్టు చింపేసి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ఒక్కటే అడుగు, ఇది చూడకపోతే మనసు చివుక్కుమంటుంది అనిపించేది ఏదని. ఆరుగురికీ ఆరు. నీ లిస్టులో సగం నీకిష్టమైనవే కనిపిస్తున్నాయి. కోడల్ని అడిగావా? ఆ పిల్ల పిల్లల వెనకా అత్తామామల వెనకా తిరుగుతూ తన ముచ్చట చెప్పకుండానే తిరిగొచ్చేస్తుంది, నువ్వే గట్టిగా అడుగు. ఆ ఆరూ అయితే చాలు, ఆ రోజు నిండినట్టే. ఏడోది దొరికితే సంతోషం.

అన్నయ్యది మాత్రం నేనే చెప్తాను, రైలు. పార్కు చుట్టూ తిరిగే ఆ రైలుకి నిజం ఆవిరి ఇంజిన్లే ఉన్నాయి. వాటిల్లో ఒకటి 1894లో తయారైంది. బిట్రగుంట లోకోషెడ్‌లో బొగ్గు ఇంజిన్ల మధ్య ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి కదా మీ నాన్న, ఆ కూత వింటే ఎలా ఉంటాడో చూడాలని నాకే ఆత్రంగా ఉంది. ఇంకో మాట, ఆ పార్కు తెరిచింది 1955 జూలై 17న. అన్నయ్య పుట్టిన ఏడాదే.

ఆ రైలు సరదాకే కాదు, మీ నడక తగ్గించేది కూడా అదే. మెయిన్ స్ట్రీట్, న్యూ ఓర్లీన్స్ స్క్వేర్, టూన్‌టౌన్, టుమారోలాండ్ అని నాలుగు స్టేషన్లు, ఆ వరసలోనే తిరుగుతుంది, ఎక్కడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. పొద్దున రైడ్లయ్యాక మెయిన్ స్ట్రీట్‌లో ఎక్కి న్యూ ఓర్లీన్స్ స్క్వేర్‌లో దిగితే ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ పక్కనే. అక్కడే భోజనం చేసి మళ్లీ రైలెక్కి టూన్‌టౌన్‌లో దిగితే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పడవలు దగ్గర్లోనే. అదయ్యాక మళ్లీ ఎక్కితే తిన్నగా గేటు దగ్గరికే వచ్చేస్తారు, దారిలో చీకటి గుహలో డైనోసార్ బొమ్మలు కూడా చూపిస్తుంది, పెద్దాడికి నచ్చుతుంది. న్యూ ఓర్లీన్స్ స్టేషన్‌లో దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. అక్కడ టెలిగ్రాఫ్ టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. అది ఉత్తుత్తి చప్పుడు కాదు, 1955లో పార్కు ప్రారంభించినప్పుడు వాల్ట్ డిస్నీ చెప్పిన మాటలని పాత టెలిగ్రాఫ్ కోడ్‌లో పెట్టారు. అది అన్నయ్యకి చెప్పి పక్కన నిలబడు, తొందరపెట్టకు. రైలుగానీ పడవలుగానీ రిపేర్లకి ఆపే రోజులు కూడా ఉంటాయి, వారం ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏవి మూసి ఉన్నాయో చూసుకో. టికెట్‌తో పాటు ఏ రోజు వస్తున్నామో రిజర్వేషన్ కూడా కావాలా అన్నది కూడా అప్పుడే చూడు.

డిస్నీల్యాండ్‌కీ దాని పక్కనున్న కాలిఫోర్నియా అడ్వెంచర్‌కీ కలిపి రెండు పార్కుల టికెట్ కొందామా అని అడిగావు. వద్దు. రెండూ ఎదురెదురుగానే ఉంటాయి, చూస్తే రెండడుగులే అనిపిస్తుంది, కానీ ఇద్దరు పిల్లల్నీ ఇద్దరు పెద్దవాళ్లనీ వేసుకుని అటూ ఇటూ తిరిగితే ఉన్న టైములో గంట అక్కడే పోతుంది. నాలుగేళ్ల పిల్ల ఉంది కాబట్టి డిస్నీల్యాండ్ పార్కే మంచిది. చిన్నపిల్లలు ఎక్కగలిగేవి అక్కడే ఎక్కువ.

పెద్దాడి ఎత్తు, చిట్టి ఎత్తు ఈ రాత్రే కొలువు. చెప్పులు విప్పించి గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయి. చిట్టి పిలక లెక్కలోకి రాదు. ఎత్తు చూసి ఎక్కించే రైడ్లలో స్పేస్ మౌంటెన్‌కీ బిగ్ థండర్‌కీ 40 అంగుళాలు, మాటర్‌హార్న్‌కి 42, ఇండియానా జోన్స్‌కి 46 ఉండాలి. అరంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు, బతిమాలినా లాభం లేదు, వాళ్లు చేస్తున్నది పిల్లల క్షేమం కోసమే. లైను చివర ఎత్తు కొలిచే కర్ర పక్కన నిలబెట్టి వద్దంటే పిల్ల మనసు ఎంత విరుగుతుందో నేను చూశాను. ఇంట్లోనే తెలిస్తే, అది పెద్దయ్యాక ఎక్కుదువు, ఇప్పుడు నీకు డంబో ఏనుగు ఉంది అని ముందే చెప్పి ఒప్పించొచ్చు. చిట్టి ఎక్కలేనివాటికి మీరిద్దరూ విడివిడిగా లైన్లో నిలబడక్కర్లేదు. రైడ్ మొదట్లో ఉన్న వాళ్లని రైడర్ స్విచ్ అడుగు. ఒకరు ఎక్కొచ్చేదాకా రెండోవాళ్లు పిల్ల దగ్గర ఉండి, తర్వాత ఆ పొడుగు లైను లేకుండా ఎక్కుతారు. నాయనమ్మా తాతయ్యల దగ్గర వదిలేస్తే సరిపోతుంది కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారికి ఫరవాలేదు గానీ రోజంతా నాయనమ్మా తాతలని స్ట్రోలర్ పక్కన కాపలా పెట్టకు. వాళ్లూ చూడ్డానికే వస్తున్నారు.

విమానం టికెట్లు ఇంకా కొనలేదన్నావు కాబట్టి చెప్తున్నా, లాస్ ఏంజెలెస్ పెద్ద ఎయిర్‌పోర్టుకి వద్దు. శుక్రవారం సాయంత్రం అక్కణ్ణించి బయల్దేరితే ఆ ట్రాఫిక్‌లో రెండు గంటలు కూడా పట్టొచ్చు. శాంటా ఆనాలోని జాన్ వేన్ ఎయిర్‌పోర్టుకి చూడు, మా అర్వైన్ ఇల్లు అక్కణ్ణించి దగ్గర, టికెట్ కాస్త ఎక్కువైనా ఆ సాయంత్రం మిగులుతుంది. ఇంకో సంగతి మీకు కలిసొచ్చింది. మీ డాలస్ టైముకి ఏడైతే మాకు అయిదు. అలారం లేకుండానే అందరూ అయిదింటికే లేచి కూర్చుంటారు. ఆరుంబావుకి బయల్దేరితే ఆరూ ముప్పావుకి పార్కింగ్‌లో ఉంటాం. అక్కణ్ణించి సెక్యూరిటీ దాటి గేటు చేరేసరికి ముప్పావుగంట సులువుగా అవుతుంది. తెరిచే టైముకి కాస్త ముందే లోపలికి వదిలి మెయిన్ స్ట్రీట్ చివర తాడు కట్టి ఆపుతారు, ఎదురుగా కోట కనిపిస్తూ ఉంటుంది. ఆ కోట 77 అడుగులే, ఫోటోల్లో చూసి ఆకాశమంత అనుకోవద్దని పిల్లలకి చెప్పు. నడిచొచ్చే దారిలో ఎడమవైపు ఫైర్ స్టేషన్ పైన కిటికీలో ఒక దీపం వెలుగుతూ ఉంటుంది, వాల్ట్ డిస్నీ పార్కుకి వచ్చినప్పుడు ఉండే గది అది. ఆయన పోయినా ఆ దీపం వెలిగించే ఉంచుతున్నారు. వదినకి చూపించు, మన ఇళ్లలో దీపం సంగతి తెలిసినావిడ కాబట్టి ఆవిడకి అర్థమవుతుంది.

తాడు తీయగానే కోటలోంచి తిన్నగా పీటర్ ప్యాన్ రైడ్‌కి వెళ్లు. చిన్న ఓడల్లో కొద్దికొద్దిమందినే ఎక్కిస్తారు కాబట్టి అది రోజంతా కదలని లైను, డబ్బు కట్టినా లైను తప్పించుకునే వీలు దానికి లేదు. తర్వాత డంబో. ఈ రెండూ మొదటి గంటలో అయిపోతే చిట్టి బెంగ తీరినట్టే. ఆ వెంటనే నువ్వో కోడలో పెద్దాణ్ణి తీసుకుని స్పేస్ మౌంటెన్‌కి వెళ్లండి. డబ్బు కట్టి లైను తగ్గించుకునే లైట్నింగ్ లేన్ గురించి అడిగావు. మామూలు రోజుల్లో అయితే దండగ అనేదాన్ని. శనివారం, ఒక్కపూట, పెద్దవాళ్లు ఉన్నారు, కొను. కానీ ఒకటి వాడగానే తర్వాతది బుక్ చేస్తూ ఉండాలి, ఆ పని కోడలికి అప్పజెప్పు, ఫోన్ పట్టుకుంటే నువ్వు ఆఫీసు మెయిల్ కూడా చూస్తావు. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు, టికెట్లన్నీ ఆ ఫోన్లోనే ఉంటాయి.

తిండి బయటినుంచి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెడతాను. పులిహోర, చపాతీలు, బంగాళదుంప వేపుడు. పెరుగన్నం ఎండకి పులుస్తుంది, అది ఇంటికొచ్చాక. మంచినీళ్లు అక్కడ కౌంటర్లలో అడిగితే కప్పులో ఊరికే పోస్తారు. కార్న్ డాగ్ అని బోర్డు చూసి మొక్కజొన్న అనుకుని వదినకి కొనిపెట్టకు, లోపల మాంసం ఉంటుంది. పన్నెండింటికి అందరికీ ఆకలేస్తుంది, పదకొండింటికే తినేయండి, నీడలో బెంచీ దొరుకుతుంది. చిట్టికి ఆ చక్రాల బండి, వ్యాగన్ తెస్తానన్నావు, అది లోపలికి రానివ్వరు, మామూలు స్ట్రోలర్ మా గ్యారేజీలో ఉంది. మే నెలలో ఇక్కడ పొద్దున మబ్బుపట్టి చలిగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ మాడుస్తుంది, వదినకి శాలువా, అందరికీ టోపీలు.

మధ్యాహ్నం పెద్దవాళ్లని మాటర్‌హార్న్ ఎక్కించొద్దు, నడుం పట్టేస్తుంది. టికీ రూమ్‌లో చల్లగా కూర్చుని పాడే పక్షి బొమ్మలు చూడొచ్చు, మార్క్ ట్వేన్ స్టీమర్‌లో పావుగంట గాలికి తిరగొచ్చు. ఇక స్మాల్ వరల్డ్ పడవ ఎక్కినప్పుడు వదినని అంచున కూర్చోబెట్టు. మా అత్తగారు ఆ కాలినొప్పితోనే అది ఎక్కి, బొమ్మలన్నీ ఒకే పాట పాడుతుంటే చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంది, దిగాక ఇంకోసారి వెళ్దామా అంది. ఆ రోజంతా ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే, లైను పొడుగుందని నేను తీసుకెళ్లలేదు. వదిన అడిగితే ఏడోది, ఎనిమిదోది వదిలేసి మళ్లీ ఎక్కించు.

నాలుక్కి బయటపడితే, కాస్త చుట్టైనా, మన ఇండియా హోటళ్లుండే ఆర్టీషియా వెళ్దాం, పయనీర్ బులెవార్డ్‌లో వేడివేడి దోసెలు తిని ఇంటికొచ్చి పడుకోవచ్చు. బాణసంచా కోసం పిల్లల్ని తొమ్మిదిన్నరదాకా మేలుకోబెట్టొద్దు, మీ టైముకి అది పదకొండున్నర.

ఒక్క పని మాత్రం నాకు వదిలెయ్. గేటు దగ్గర వీల్ చెయిర్లు అద్దెకిస్తారు. దానివల్ల లైను తప్పుతుందని కాదు, అన్నయ్య మోకాళ్లకోసం. నువ్వు చెప్తే నాకేమైందిరా అని కసురుకుంటాడు, నేను శుక్రవారం రాత్రి అన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్తాను. ఒప్పుకోకపోతే చిట్టి బ్యాగులు పెట్టడానికని తీసుకుందాం, పది తర్వాత ఆయనే కూర్చుంటాడు. ఎత్తులు కొలిచి రేపు నాకు మెసేజ్ పెట్టు.

మీ అత్త