రాజమండ్రి వెళ్లే మా చిన్నికి

కావలి

చిన్నీ,

చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలు చూడ్డానికి నువ్వొక్కదానివే రాజమండ్రి పోతున్నావని నెల్లూరు నుంచి మీ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వు వద్దంటే వింటుంది, చెప్పవే" అన్నాడు. నేనెందుకు చెప్తాను? ముప్పై ఏళ్లు వీల్‌చైర్‌లో ఊళ్లు తిరిగినదాన్ని. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

నీ వీల్‌చైర్ టైర్లు, బ్రేకులు, వికలాంగుల సర్టిఫికెట్ నువ్వే చూసుకుంటావు. గ్యాలరీకి ముందే ఫోన్ చెయ్యి. "ర్యాంపు ఉందమ్మా" అంటే నమ్మి ఊరుకోకు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడుగుండాలి. బైకు ఎక్కించే చెక్కనీ ర్యాంపనే అంటారు మనవాళ్లు. ఎవరైనా ఎత్తుతామంటే, ఊడొచ్చే కుర్చీ చేతులు కాదు, కుర్చీ ఫ్రేము పట్టుకోమను.

బాత్రూం తలుపు వెడల్పు కొలిచి చెప్పమను. సిగ్గుపడకు. సిగ్గుపడి నేను చెడ్డాను.

నీ వయసులో నేనూ ఒక మ్యూజియానికి పోయాను, ఏ ఊరో ఎందుకులే. అక్కడ బాత్రూం ఎలా ఉంటుందోనని ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేశాను. పొద్దున కాఫీ కూడా ముట్టలేదు. అసలే మే నెల. ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న బొమ్మ ముందుకి చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయి, కళ్లు బైర్లు కమ్మాయి. ఫ్రేము మీద పాకుతున్న చీమ గుర్తుంది. బొమ్మ గుర్తు లేదు. వాచ్‌మన్ పాపం సోడా తెచ్చిస్తే, అదీ వద్దన్నాను! ఇంటికొచ్చాక మీ నాయనమ్మ "బాగుందా" అంటే "చాలా బాగుంది" అన్నాను. ఆ వారంలోనే యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఇంజెక్షన్లు. ఎందుకొచ్చిందో అమ్మకి చెప్పనే లేదు. నీకే మొదట చెప్తున్నా.

నీళ్లు తాగు. విన్నావా?

బొమ్మల్ని నిలబడే వాళ్ల కళ్లకి సరిపోయే ఎత్తులో తగిలిస్తారు. కింద నుంచి చూస్తే అద్దంలో ట్యూబ్‌లైటే కనపడుతుంది. కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని చూడు. రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్లే. రంగుల డబ్బా కోసం నువ్వు మీ నాన్నతో వేసుకున్న గొడవ గుర్తొచ్చింది నాకు.

తిరిగొచ్చేటప్పుడు కావలిలో ఆగే రైలే ఎక్కు. ఏ బోగీయో చెప్తే క్యారేజీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీదుంటా. నీ నీళ్ల బాటిల్ కిటికీలోంచి చూపించు. నిండుగా ఉందో, నీకు క్యారేజీ లేదు.

మీ అత్త