ఒకే 50 ఎంఎం లెన్స్‌తో గండికోట: మసక ఎందుకొస్తోంది?

అన్నా, గండికోటలో షార్ట్ ఫిల్మ్ అంతా ఒకే 50 ఎంఎం లెన్స్‌తో, అదీ ఎఫ్/1.8లోనే (లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి) తీయాలని నియమం పెట్టుకున్నానన్నారు. మధ్యాహ్నం షాట్లు మసకగా, అంచుల్లో ఊదారంగుతో వస్తున్నాయి, లెన్స్ మార్చాలా అని అడిగారు. లెన్స్ మార్చక్కర్లేదు, నియమంలో రెండో సగం తీసేయండి.

పూర్తిగా తెరిస్తే చవక 50 ఎంఎంలు కాస్త మెత్తగానే, అంటే స్పష్టత తక్కువగానే, ఉంటాయి. ఎర్రరాయి అంచు వెనక తెల్లటి ఆకాశం పడిందా, ఊదా చార తప్పదు. ఎఫ్/4 పెడితే (రంధ్రం కాస్త మూస్తే) చాలావరకు పోతుంది. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో కాంతి వంగి పరచుకోవడం వల్ల, మళ్లీ మెత్తబడుతుంది. ధాన్యాగారం లోపలి చీకట్లో మాత్రం ఎఫ్/1.8 హాయిగా వాడుకోండి.

నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/4 పెడితే షటర్ వేగం సెకనులో 1/1600 వంతు దగ్గరికి పోతుంది. సెకనుకు 25 ఫ్రేములకు కావాల్సింది 1/50. తేడా 5 స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపు), అంటే ఎన్‌డీ 32 ఫిల్టర్ (కాంతిని 32వ వంతుకు తగ్గించే నల్ల అద్దం). చవక వేరియబుల్ ఎన్‌డీని (తిప్పితే నలుపు పెరిగేది) చివరిదాకా తిప్పితే ఫ్రేములో ఇంటూ గుర్తు ఆకారంలో నల్లనీడ పడుతుంది, కాబట్టి ఫిక్స్‌డ్‌దే కొనండి.

కొనేముందు ఒక పరీక్ష. ట్రైపాడ్ మీద, లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద) 10 రెట్లు పెంచి, కోటగోడ రాళ్ల మధ్య సందు మీద చేత్తో ఫోకస్ చేయండి. అప్పుడు స్పష్టంగా వస్తే తప్పు ఆటోఫోకస్‌ది. ఎఫ్/4లోనూ మసకే అయితే లెన్స్‌లోకి టార్చ్ వేయండి. సన్నటి తెల్లపోగులు కనిపిస్తే ఫంగస్, మెకానిక్‌కు ఇవ్వాల్సిందే.

ఇంకోటి, క్రాప్ సెన్సర్ (35 ఎంఎం ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్) మీద నిలబడ్డ మనిషి మొత్తం పట్టాలంటే సుమారు 8 మీటర్ల దూరం కావాలి. లోయ అంచున స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవొద్దు.