చేపలకు బ్యాకప్ సరే, ఇంటికి బ్యాకప్ ఏది?

ప్రశ్న: మాది విజయవాడ, పాయకాపురం. ఇంట్లో నలుగురం. ఇల్లు సొంతమే, వైరింగ్ మాత్రం ఇరవై ఏళ్లనాటిది. వయసు 41. ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ణి. నెలకు 68 వేలు చేతికొస్తుంది కానీ, వేసవిలో జీతం ఆలస్యమవుతుంది. ఇంటి ఖర్చు 46 వేలు. 20 నెలల రిజిస్టర్డ్ చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాను, ఇంకా తొమ్మిది నెలలు ఉంది. బ్యాంకులో 31 వేలున్నాయి. 2024 సెప్టెంబరు వరదలో మా కింది అంతస్తు మునిగి అక్వేరియం, ఇన్వర్టర్ రెండూ పోయాయి. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చి, నిరుడు తీర్చాను. మళ్లీ నాలుగడుగుల తొట్టె పెట్టి డిస్కస్ చేపలు వేస్తే, మొన్న మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, తెల్లారేసరికి పద్నాలుగు వేడికి చనిపోయాయి. ఆ చేపలు కొన్న 48 వేలు క్రెడిట్ కార్డు మీద ఇంకా ఉన్నాయి, కనీస మొత్తం కడుతున్నాను. ఇప్పుడు ఆరడుగుల మెరైన్ (ఉప్పునీటి) తొట్టె, నీటిని చల్లబరిచే చిల్లర్, రెండు బ్యాటరీల ఇన్వర్టర్ కలిపి మూడు లక్షలవుతుంది. ఒక యాప్‌లో 16 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం మంజూరైంది. చేపలకు పద్దెనిమిది గంటల బ్యాకప్ కావాలంటే ఇన్వర్టర్ మంచిదా, జనరేటరా, సోలారా? ఇప్పటి తొట్టె ఫోటో పంపుతున్నాను, ఎనిమిదేళ్ల మా పాప రోజూ స్టూలెక్కి అందులో మేత వేస్తుంది.

జవాబు: ఆ రుణం తీసుకోకండి. మంజూరైందని యాప్ రోజూ గుర్తు చేస్తుంటే, దాన్ని ఫోనులోంచి తీసేయండి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం, మీరు చేస్తున్న పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతున్నదే కావడం. ఒక నష్టం జరగగానే, సరిగ్గా అదే నష్టం మళ్లీ జరగకుండా ఆపే యంత్రం ఏదని వెతికి, దాన్ని అప్పు చేసి కొంటాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీ వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు మిమ్మల్ని నిజంగా కుంగదీసింది అక్వేరియం పోవడం కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం ఆ తర్వాత 25 వేల రూపాయల సాయం ప్రకటించింది కానీ, ఆ వారంలో బియ్యానికీ మందులకీ మీకు దిక్కయినది నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. ఆ గాయం మానకముందే, బ్యాంకులో 31 వేలతో, అంటే ఇరవై రోజుల ఇంటి ఖర్చుతో, మూడు లక్షల అప్పుకు సిద్ధమయ్యారు. మీ చేపలకు పద్దెనిమిది గంటల బ్యాకప్ కావాలని లెక్కలు వేసుకున్న మీరు, నలుగురున్న మీ ఇంటికి ఎన్ని నెలల బ్యాకప్ ఉందో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు.

ముందు ఆ మే నెల రాత్రి సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు తీసుకున్న నిర్ణయమంతా దాని మీదే నిలబడి ఉంది. చేపలు వేడికి చనిపోయాయని మీరు అనుకుంటున్నారు. ప్రాణవాయువు చాలక చనిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే ఇముడుతుంది. డిస్కస్‌ను ఎలాగూ 28 నుంచి 30 డిగ్రీల నీటిలోనే పెంచుతారు కాబట్టి, వాటికి ఆ మార్జిన్ మొదటినుంచీ తక్కువే. ఫిల్టరూ ఎయిర్ పంపూ ఆగి నీటి పైభాగం కదలకపోతే, చేపలు పీల్చుకున్నంత వేగంగా గాలి నీటిలో కలవదు. పైగా మూతపెట్టిన కానిస్టర్ ఫిల్టర్‌లో నీరు కొన్ని గంటలు కదలకుండా ఉంటే, అందులోని మేలు చేసే బాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ మురిగిన నీరంతా తొట్టెలోకి వస్తుంది. అందుకే ఎక్కువసేపు ఆగిన ఫిల్టర్‌ను కడగకుండా తిరిగి ఆన్ చేయకూడదు. ఆ రాత్రి మీకు కావలసింది మూడు లక్షల సరంజామా కాదు, కరెంటు పోగానే దానంతటది మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి. ధర పదిహేను వందల లోపే.

మీరు పంపిన ఫోటో నేను పెద్దది చేసి చూశాను. తొట్టె కింది అరలో, మడతపెట్టిన తువ్వాలు మీద ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంది. దానికి ఐదు ప్లగ్గులున్నాయి, వాటిలో హీటరు ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. తొట్టెలోంచి వచ్చిన తీగ ఎక్కడా కిందికి వేలాడకుండా, నేరుగా ఆ బాక్సులోకి దిగింది. తీగ వెంట జారే ఒక్కొక్క నీటిచుక్కకు అది దారి చూపిస్తున్నట్టుంది. గోడకు ఆనించి ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు కూడా కనిపించింది. ఎనిమిదేళ్ల మీ పాప రోజూ దాని మీదెక్కి మేత వేస్తుందని మీరే రాశారు. ఆ ఫోటో చూశాక, మీరు అడిగిన ఇన్వర్టరు సంగతి నాకు రెండో విషయమైపోయింది.

ఎంసీబీ (మెయిన్ బోర్డులో దానంతటది పడిపోయే స్విచ్) ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. అది పది, పదహారు ఆంపియర్లు దాటితేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కరెంటు కూడా అక్కర్లేదు. లోపలికి వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే లైనును తెంచేసే ఆర్‌సీసీబీ మీ ఇంట్లో ఉందో లేదో చూడండి. ఇరవై ఏళ్లనాటి వైరింగ్ అన్నారు కాబట్టి ఉండకపోవచ్చు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత దాన్ని పెట్టించి, ఎర్తింగ్ పరీక్ష చేయించి, సాకెట్లను నీటిమట్టానికి పైన, తొట్టెకు పక్కగా గోడకు బిగించి, ప్రతి తీగా సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా అమర్చండి. చుక్క జారినా ఆ వంపు దగ్గర నేలమీద పడుతుంది. కూలీతో సహా ఐదు వేల లోపు పని ఇది. ఒక జాగ్రత్త: ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్లు దాని నుంచి వచ్చే లైనుకు కూడా ఆర్‌సీసీబీ ఉండేలా అడిగి చూసుకోవాలి, మెయిన్ దగ్గర ఒక్కటే ఉంటే, కరెంటు పోయిన సమయంలో ఆ రక్షణ అందకపోవచ్చు. మీరు ఊళ్లో లేనప్పుడు ఆర్‌సీసీబీ పడిపోతే ఫిల్టరూ ఆగుతుంది కాబట్టి, ఆ బ్యాటరీ ఎయిర్ పంపు అప్పుడూ పనికొస్తుంది. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. నీళ్లు మార్చేటప్పుడు అన్నీ ఆపేయండి. హీటరు వేడిగా ఉండగా నీటిలోంచి బయటపడితే దాని గాజు పగలవచ్చు.

ఇప్పుడు బ్యాకప్. డిస్కస్ తొట్టెకు కరెంటు పోయినప్పుడు తప్పనిసరిగా నడవాల్సినవి ఫిల్టరు, ఎయిర్ పంపు మాత్రమే, రెండూ కలిపి సుమారు 40 వాట్లు. లైటు అక్కర్లేదు. విజయవాడ ఎండల్లో హీటరూ అక్కర్లేదు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో దాని సంగతి వేరు. సాధారణంగా ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటలుంటాయి. నష్టాలు పోను, బ్యాటరీ ఆయుష్షు దెబ్బతినకుండా వాడుకోగలిగింది అందులో 60 శాతం, అంటే 1,080 అనుకుందాం. ఇన్వర్టర్ తన కోసం ఖర్చు చేసుకునేది కలిపి లోడు 60 వాట్లయితే పద్దెనిమిది గంటలు వస్తుంది. అదే బ్యాటరీ మీద మెరైన్ తొట్టె చిల్లర్ 300 వాట్లు కలిపితే మూడు గంటలకు చేతులెత్తేస్తుంది. మీరు రెండు బ్యాటరీలకు వెళ్తున్నది ఇందుకే, ఆ రెండూ మూడు నుంచి ఐదేళ్లలో మళ్లీ కొనాల్సి వస్తుందని మాత్రం లెక్కలో రాయలేదు. అన్నిటికన్నా, ఉప్పునీరు మామూలు నీటికన్నా ఎంతో తేలిగ్గా కరెంటును ప్రసరింపజేస్తుంది, చిందిన చోటల్లా ఉప్పు పేరుకుని ప్లగ్గులను తినేస్తుంది. మీ ఫోటోలోని ఆ బాక్సు పక్కన ఉప్పునీటి తొట్టెను నేను ఊహించలేకపోతున్నాను.

రుణం లెక్క చూడండి. మూడు లక్షలకు 16 శాతం చొప్పున మూడేళ్లకు వాయిదా నెలకు 10,547 రూపాయలు. మొత్తం మీద వడ్డీ 80 వేలకు కాస్త తక్కువ. చిల్లర్ రోజుకు పన్నెండు గంటలు, పంపులు వంద వాట్ల చొప్పున ఇరవైనాలుగు గంటలు, లైట్లు 150 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 216 యూనిట్లు. మీ ఇల్లు ఇప్పుడు నెలకు 240 యూనిట్లు వాడుతోందనుకుంటే, కొత్త యూనిట్లలో 160కి 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన 56 యూనిట్లకు 9 రూపాయల 75 పైసలు పడుతుంది. సర్దుబాటు చార్జీలు వదిలేసినా 1,946 రూపాయలు. వాయిదాతో కలిపితే దాదాపు పన్నెండున్నర వేలు. మీ జీతంలో ఖర్చూ చీటీ పోను మిగిలేది పన్నెండు వేలే. అంటే ఉప్పు, మేత, చేపలు కొనకముందే, కార్డు బాకీ కట్టకముందే, ప్రతి నెలా మీరు లోటులో ఉంటారు. జీతం ఆలస్యమయ్యే మే నెలలో ఆ వాయిదా ఎక్కడినుంచి కడతారో నాకు అర్థం కాలేదు. కార్డు మీద ఉన్న 48 వేలకు నెలకు మూడున్నర శాతం చొప్పున, వడ్డీ మీద జీఎస్టీతో కలిపి, దాదాపు 2 వేలు పోతోంది. చనిపోయిన చేపలకు ఇంకా వడ్డీ కడుతూ, కొత్త చేపలకు అప్పు చేయడం నేను ఒప్పుకోలేను.

మీరు చేయాల్సింది ఇది. ఆ 31 వేలలోంచి ఆరున్నర వేలు తీసి, ఈ వారంలోనే వైరింగ్ పనీ, బ్యాటరీ ఎయిర్ పంపూ పూర్తి చేయండి. ఆ తర్వాత ఐదు నెలలు నెలకు పన్నెండు వేలు కార్డుకే కట్టి, దాన్ని సున్నా చేయండి. ఈలోగా కార్డు బీరువాలో ఉండాలి. ఆ పైన నాలుగు నెలలు అవే పన్నెండు వేలు విడి ఖాతాలో వేయండి. చీటీ మధ్యలో పాడుకోకుండా చివరిదాకా ఉంటే, కమీషన్ పోను లక్షా తొంభై వేల దాకా చేతికొస్తుంది. అది తొట్టెకు కాదు, ఆ ఖాతాకే. ఇప్పుడున్నదాంట్లో మిగిలే ఇరవైనాలుగున్నర వేలతో కలిపి 2 లక్షల 60 వేలు దాటుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు 2 లక్షల 76 వేలు కాబట్టి, పది, పదకొండు నెలల్లో మీ అత్యవసర నిధి దాదాపు పూర్తవుతుంది. అందులో ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది స్వీప్ డిపాజిట్‌లోనో (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండే ఎఫ్‌డీ) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. మీ భార్య కూడా ఒక్కరే తీయగలిగేలా, ఆమె పేరు కూడా ఖాతాలో ఉండాలి. వరదలో మీ ఫోను తడిసి చెడిపోతే ఆ డబ్బు ఆమె చేతికైనా అందాలి.

బీమా గురించి కొద్దిగా. రెండు లక్షల ప్రమాద బీమాకు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలే, రేపే బ్యాంకులో చేరండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) గురించి మీరు ఏమీ రాయలేదు, లేకపోతే కార్డు తీరగానే అదే మొదటి పని. సొంత ఇల్లు కాబట్టి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే వరద, మంటలు, ఇంటి నీటి ట్యాంకులు పగలడం వల్ల జరిగే నష్టాలు దాని కిందికి వస్తాయి. కానీ షార్ట్ సర్క్యూట్‌కు పాడైన ఆ ఒక్క పరికరానికి అది డబ్బివ్వదు, దాని నుంచి ఇంటికి పాకిన మంటల నష్టానికి ఇస్తుంది. నా దగ్గరికి వచ్చే గుంటూరు కుటుంబం ఒకటి ఇలాంటి ప్లగ్గు కాలిపోయి హాలంతా పొగచూరితే, క్లెయిము వచ్చేలోపు మూడు నెలలు బంధువుల ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఆ మూడు నెలలూ వాళ్లను అప్పు జోలికి పోకుండా నిలబెట్టింది అత్యవసర నిధే.

జనరేటర్ ఇంట్లో గాని, వరండాలో గాని పెట్టకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. రూఫ్‌టాప్ సోలార్‌కు మూడు కిలోవాట్లకూ, ఆ పైనా 78 వేల కేంద్ర రాయితీ ఉన్న మాట నిజమే కానీ, గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మీ సమస్యకు అది పరిష్కారం కాదు.

నిధి పూర్తయ్యాక, ఆ పన్నెండు వేలలో నెలకు మూడు వందలు బ్యాటరీకనీ, మూడు వేలు తొట్టెకనీ వేరుగా వేయండి. మొదట ఒక బ్యాటరీ ఇన్వర్టర్‌ను, నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తున గోడకు బిగించిన స్టాండు మీద కొనిపెట్టండి. మెరైన్ గురించి అప్పుడు మళ్లీ రాయండి, ఖాతా పుస్తకం ఫోటో కూడా పంపండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మాత్రం ఆ హీటరు ప్లగ్గు వాడకండి, పాప మేత వేసే ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ ఆపి తీగను గోడ సాకెట్ నుంచి తీసేయండి.