కోరింగ మడ అడవిలో చక్రాల కుర్చీ

అమ్మలూ,

ఆశీస్సులు. కోరింగలో పోస్టింగు వచ్చిందని మీ నాన్న చెప్పాడు, సంతోషం. సందర్శకుల సౌకర్యాలకు వచ్చే డబ్బు ముందు దేనికి పెట్టాలని అడిగావు. సెల్ఫీ పాయింటుకీ ఆర్చి గేటుకీ మాత్రం పెట్టకు, అవి నువ్వు వద్దన్నా ఎవరో ఒకరు కట్టిస్తారు. మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మ, చక్రాల కుర్చీలో ఉన్న కుర్రాడు, చూపు లేని మనిషి రోడ్డు మీద బండి దిగి, మడచెట్ల మధ్యకు వెళ్ళి, మళ్ళీ బండెక్కేదాకా ఎక్కడా ఇంకొకరు ఎత్తుకోవాల్సిన అవసరం రాకూడదు. దానికి పెట్టు.

ఇది అన్ని అడవుల్లో కుదరదు. నల్లమలలో మల్లెలతీర్థం చూడాలంటే వందల మెట్లు దిగాల్సిందే, అక్కడ కొండను మనం చదును చెయ్యలేం. నీ అడవికి ఆ ఇబ్బంది లేదు. నేలంతా సమంగా ఉంటుంది, పైన కర్రల నడకదారి. అలాంటిచోట ఆరంగుళాల గట్టు మనిషిని ఆపేసిందంటే ఆ తప్పు అడవిది కాదు, మనది.

ముందు ఓ చక్రాల కుర్చీ సంపాదించు. నువ్వు కూర్చుని మీ బీట్ ఆఫీసరును తొయ్యమను, తర్వాత అతన్ని కూర్చోబెట్టి నువ్వు తొయ్యి. గేటు లోపల్నుంచి కాదు, యానాం రోడ్డు మీంచి మొదలుపెట్టు. టికెట్ కిటికీ ఎంత ఎత్తులో ఉందో, గేటు ముందు కంకర ఎంత లోతుందో నోట్‌ఫైలు చూస్తే తెలియదు.

పలకల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ మంది ఇబ్బంది పడేది అక్కడే. పలకలు నడిచే దిక్కుకు అడ్డంగా ఉండాలి. నిలువుగా వేస్తే కుర్చీ ముందుచక్రం సందులో దిగబడుతుంది, చేతికర్ర కొనా అంతే. అడ్డంగా వేసినా సందు సెంటీమీటరు దాటనివ్వకు. అక్కడ గాలిలో ఉప్పు, కింద బురద. మామూలు మేకు తుప్పుపట్టి తల ఊడిపోతే పలక ఓ మూల పైకి లేస్తుంది. వేలెడు లేస్తే చాలు, చిన్న చక్రం అక్కడ తన్నుకుని కూర్చున్న మనిషి ముందుకు పడతాడు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే అని ఎస్టిమేటులో రాయించు, బిగించేటప్పుడు దగ్గరుండి చూడు. పని కొలతలు రాసే ఎంబుక్కులో ఒకటి రాసి పలకలో ఇంకోటి దించడం మన దగ్గర కొత్తేం కాదు. వానల్లో పాకుడు పట్టకుండా గట్టి బ్రష్షుతో రుద్దించే మనిషికి కూలీ కూడా అందులోనే పెట్టు. కట్టడానికి డబ్బిస్తారు కానీ రుద్దడానికి విడిగా అడిగితే ఎవరూ ఇవ్వరు.

చక్రం జారి బురదలోకి పోకుండా రెండు పక్కలా నాలుగంగుళాల అంచుకర్ర ఉండాలి. పట్టుకునే కమ్మీలు రెండు ఎత్తుల్లో పెట్టించు: 90 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 76 దగ్గర ఒకటి. కుర్చీ తిప్పుకోవడానికి మధ్యమధ్య ఐదడుగుల చదరం వదలాలి. ర్యాంపు లెక్క 1:12, అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. స్థలం లేదని కాంట్రాక్టరు నాలుగడుగుల్లో తేల్చేస్తే అది పిల్లల జారుడుబల్ల. 30 మీటర్లకో బల్ల వేయించు, దానికి వీపుకి ఆనుడూ పక్కన చేతులూ ఉండాలి. పెద్దవాళ్ళు లేచేటప్పుడు ఆ చేతుల మీదే బరువు వేస్తారు.

మరుగుదొడ్డి గురించి నిన్ను ఎవరూ నోరు తెరిచి అడగరు, ముఖ్యంగా ఆడవాళ్ళు. పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా వచ్చి వెళ్ళిపోతారు. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పుండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడుతుంది. ఒక వనవిహార స్థలంలో వికలాంగులకని బ్రహ్మాండంగా కట్టిన గది చూశాను. లోపల చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు, విరిగిన కుర్చీలు. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడు. నువ్వు ఆ తలుపుకు తాళమే పెట్టించకు.

పడవ విషయంలో సముద్రం చెప్పినట్టు వినాలి. పోటు మీద పడవ అంచు రేవు పలకకు దగ్గరగా వస్తుంది. నీళ్ళు తీశాక అదే పడవ కిందికి దిగిపోతుంది, మధ్యలో వేసే చెక్క నిటారుగా అయిపోతుంది. నీళ్ళతోపాటు లేచి దిగే తేలే రేవు పెట్టగలిగితే మంచిదే, అందాకా పోటు వేళలు గేటు దగ్గర రాయించు. వేళ రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి సుద్దముక్కతో రోజూ మార్చాల్సిందే. ఈ లెక్క పడవవాళ్ళకు నోటిమీద ఉంటుంది, అడిగి రాయించుకో.

చూపు లేనివాళ్ళకు బ్రెయిలీ బోర్డు ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటారు చాలామంది. తెల్లమడ ఆకు చేతికివ్వమని గైడుకు చెప్పు. అది పీల్చుకున్న ఉప్పును ఆకు మీదికే వదిలేస్తుంది, వేలితో తుడిచి నాలుకకు రాసుకుంటే తెలుస్తుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరివేళ్ళు చేతికందేలా ఒకచోట దారిని కిందికి దించు. చూపున్నవాళ్ళకూ ఫ్లెక్సీ బొమ్మలకన్నా అదే నచ్చుతుంది. బావురుపిల్లి కోసం వచ్చేవాళ్ళకు ఎలాగూ అది కనిపించదు, రాత్రి తిరిగే జంతువు.

"అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారు మేడమ్" అని ఆఫీసులో అంటారు. పుష్య అమావాస్యకు మీ దగ్గర్లోని చొల్లంగిలో పుణ్యస్నానాలు ఉంటాయిగా, అన్నవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టు. కర్ర పట్టుకుని, మనవడి భుజం పట్టుకుని వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటారు. అప్పటికీ వినకపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం ఫైల్లో పెట్టు, మాట్లాడరు. అయితే ఈ పేరుతో అడవిలోకి సిమెంటు రోడ్డు వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నీటి దారి మూసుకుపోతే మడచెట్లు బతకవు.

ఎస్టిమేటు పైకి పంపేముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, కొలతలు చూసి చెబుతాను. కుర్చీ దొరక్కపోతే తుంటి ఆపరేషనప్పుడు మీ పెద్దమ్మకు కొన్నది అటక మీద ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి పట్టుకుపో.

మీ పెదనాన్న