పడితిని, పాడితిని

తమ్ముడికి,

చర్చిలో పాడటానికి నువ్వు కట్టిన పాట రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాను. మూడుసార్లు కీబోర్డే వినబడింది. నాలుగోసారి పట్టుబట్టి పాట విన్నాను. ఇన్నేళ్లూ ఇతరుల కీర్తనలకు వాయించిన చేతులు కదా, మొదటి సొంత బాణీలోనూ ముందుగా అవే మాట్లాడతాయి. కానీ ఆరాధనలో దీన్ని పాడాల్సింది నీ వేళ్లు కాదు.

మొదట మాట సంగతి. రెండో చరణంలో "నీ పాదాల చెంత పడితిని" అని రాశావు. బాణీలో "ప" మీద చాలాసేపు నిలిచావు. చెవికి అది "పాడితిని" అయిపోయింది! పశ్చాత్తాపంతో కూలబడ్డ మనిషి హాయిగా పాట ఎత్తుకున్నట్టుంది. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. అందుకే బాణీ కట్టేముందు సాహిత్యాన్ని మామూలుగా పైకి చదువు. దీర్ఘాలు ఎక్కడున్నాయో, ఒత్తక్షరం ముందు మాట ఎక్కడ బరువెక్కుతోందో చూసి, పొడుగు స్వరాలు అక్కడే పెట్టు. "కరుణా" అని ఆగి "మయుడా" అని అందుకున్నావే, అది భావం కోసం చేసింది కాదు, ఊపిరి చాలక జరిగింది. దొరికిపోయావు.

శ్రుతి కూడా తగ్గించు. పై పంచమం దాకా నీ గొంతు సులువుగా వెళ్తుంది, సంఘానికి వెళ్లదు. ఒక స్థాయి, అంటే కింది స నుంచి పై స దాకా, దానిమీద ఒకటో రెండో స్వరాలు, అంతే. అది దాటితే సగంమంది ఊరికే పెదాలు కదుపుతారు.

నా మొదటి పాట గతి చెప్పనా? చరణంలో తాళం ఉన్నట్టుండి ఏడుకి మార్చాను. గొప్పగా ఉంటుందనుకున్నాను. క్వయర్ మూడు వారాలు ప్రాక్టీసు చేసింది కానీ, జనం చప్పట్లు నాలుగులోనే పడ్డాయి. పాస్టరుగారు మెల్లగా లేచి ప్రార్థన మొదలుపెట్టి మమ్మల్ని ఒడ్డున పడేశారు.

పాటకి నువ్వు బైబిల్లోంచి ఎంచుకున్న 130వ కీర్తన మాత్రం నాకు చాలా నచ్చింది. 120 నుంచి 134 వరకున్న పదిహేను యాత్రకీర్తనల్లో అదొకటి. ఎనిమిదే వచనాలు. ఆరో వచనంలో కావలివాళ్లు తెల్లవారడం కోసం ఎదురుచూసే మాట రెండుసార్లు వస్తుంది. నువ్వు ఒకటి తీసేశావు, బహుశా రిపీట్ అనిపించి ఉంటుంది. తీయకు. రాత్రి ఎంత పొడుగో తెలిసేది ఆ రెండోసారి వల్లనే. మొదటిసారి ఎక్కడ ఆపావో రెండోసారీ అక్కడే ఆపు, పైకి ఎత్తకు. తెల్లారలేదు కదా ఇంకా.

ఏడో వచనం దగ్గర అసలు మలుపు ఉంది. అంతవరకూ "నేను" అని మొరపెట్టిన మనిషి, అక్కడ ఇశ్రాయేలు అందరివైపూ తిరుగుతాడు. నువ్వు అక్కడా సోలోనే ఉంచావు, పైగా మధ్యలో ఒట్టి వాద్యాలతో ఇంటర్లూడ్ పెట్టావు. ఆ ఇంటర్లూడ్ తీసేసి ఆ చోటు సంఘానికి ఇవ్వు. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1723లో లైప్‌జిగ్ చేరాక, మొదటి ఏళ్లలో దాదాపు వారానికో కాంటాటా (ఆరాధన కోసం సోలోలూ బృందగానమూ కలిపి కట్టిన రచన) చొప్పున సిద్ధం చేశాడు. అందులో సోలోలకు ఎంత కష్టమైన సంగీతం రాసినా, చాలా కాంటాటాల చివర జనానికి ముందే తెలిసిన కీర్తన బాణీని తీసుకుని నాలుగు గొంతులకు సాదాగా అమర్చాడు. అంతటివాడే అలా చేశాక మనకేం నామోషీ?

కోర్డుల గురించి ఇప్పుడేం చెప్పను, అవి నీకు నాకంటే బాగా వచ్చు.

ఈసారి కీబోర్డు మూసేసి, ఒట్టి గొంతుతో పాడి పంపు. వణికినా ఫర్వాలేదు. ఏడో వచనం దగ్గర ఇంట్లోవాళ్లని కూడా గొంతు కలపమను. వాళ్లు ఎక్కడ తడబడతారో వినాలనుంది.

ప్రేమతో,
మీ అన్నయ్య